ఆల్-వీల్ డ్రైవ్: బ్యాడ్జ్ వదిలేసి కారు కింద చూడండి

నాలుగు చక్రాలనూ నడిపే ఆల్-వీల్ డ్రైవ్‌కి ఆడీ పెట్టిన పేరు 'క్వాట్రో'. ఆ బ్యాడ్జ్ ఉన్న నాలుగు ఆడీలను లిఫ్ట్ ఎక్కిస్తే కింద నాలుగు రకాల యంత్రాలు కనిపించొచ్చు. ఇంజను నిలువుగా అమర్చిన పెద్ద కార్లలో పూర్తిగా గేర్లతో పనిచేసే సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక యాక్సిళ్లను వేర్వేరు వేగాలతో తిరగనిస్తూనే శక్తిని పంచేది). ఏ3లో హాల్డెక్స్ క్లచ్ (అవసరమైనప్పుడు వెనక చక్రాలను కలిపేది). 2016లో వచ్చిన 'అల్ట్రా'లో గేర్‌బాక్స్ దగ్గరొక క్లచ్, వెనక యాక్సిల్‌లో ఇంకొకటి. ఎలక్ట్రిక్ ఈ-ట్రాన్‌లో అయితే ముందుకీ వెనక్కీ మధ్య షాఫ్టే లేదు, ఒక్కో యాక్సిల్‌కి వేరే మోటార్లు. పేరొకటే, నడత మాత్రం నాలుగు రకాలు. ఫోక్స్‌వ్యాగన్ 4మోషన్‌దీ, మెర్సిడెస్ 4మ్యాటిక్‌దీ ఇదే కథ. అందుకే ఈ రివ్యూలో మార్కులు బ్రాండ్‌కి కాదు, మధ్యలో కూర్చున్న భాగానికి.

ముందు '60:40' అంటూ ముందు, వెనక చక్రాలకి టార్క్ (తిప్పే బలం) పంపకం చెప్పే లెక్క సంగతి తేల్చాలి. మధ్యలో నిజంగా డిఫరెన్షియల్ ఉన్నప్పుడే ఆ నిష్పత్తికి అర్థం ఉంటుంది, ఎందుకంటే అది గేర్ల పళ్ల కొలతల్లోనే ఉంది. క్లచ్ రకంలో అలాంటి పంపకమే లేదు. ముందు చక్రాలు గేర్‌బాక్స్‌కి నేరుగా తగులుకుని ఉంటాయి, క్లచ్ ఎంత నొక్కుకుంటే వెనక్కి అంత టార్క్ పోతుంది. పూర్తిగా బిగుసుకుంటే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి, టార్క్ పట్టు ఉన్న వైపుకి తనంతట తానే వెళ్తుంది. ముందు చక్రాలు రెండూ మంచు మీద ఉంటే, బ్రోషర్‌లో 'వెనక్కి గరిష్ఠంగా 50 శాతం' అని రాసినా, క్లచ్ తట్టుకున్నంత మేరకు దాదాపు మొత్తం వెనకే పనిచేస్తుంది. అడగాల్సింది నిష్పత్తి కాదు: క్లచ్ ఎంత టార్క్ మోస్తుంది, ఎంతసేపు మోస్తుంది?

టోర్సెన్ తరహా గేర్ డిఫరెన్షియల్‌కి తారు రోడ్డు మీద తిరుగులేదు. సెన్సర్ లేదు, పంపు లేదు, ఎదురుచూపు లేదు. చక్రం జారడం మొదలవుతుండగానే గేర్ల రాపిడి రెండో యాక్సిల్‌కి ఎక్కువ టార్క్ పంపిస్తుంది. బయాస్ నిష్పత్తి 3:1 అనుకుంటే, పట్టు తక్కువున్న యాక్సిల్ మోయగలిగిన దానికి మూడు రెట్లు రెండోదానికి వెళ్తుంది. లోపమూ అక్కడే ఉంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే ఆ యాక్సిల్ టార్క్ దాదాపు సున్నా, సున్నాకి మూడు రెట్లూ సున్నాయే. అలాంటప్పుడు యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేక్ మీద మెల్లగా ఒత్తిడి పెడితే జారే చక్రానికి కొంత భారం దొరికి కారు కదులుతుంది. కొత్త కార్లలో ఈ పని ట్రాక్షన్ కంట్రోల్ చేసిపెడుతుంది.

సుబారు 'సిమెట్రికల్' ఒక యంత్రం పేరు కాదు, అమరిక పేరు. మాన్యువల్ గేర్‌బాక్స్ కార్లలో 50:50 సెంటర్ డిఫరెన్షియల్‌కి తోడు విస్కస్ కప్లింగ్ (చిక్కని ద్రవంతో బిగిసేది), సీవీటీలో (మెట్లు లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్) మామూలుగా 60:40 అని చెప్పుకునే క్లచ్, కొన్ని శక్తిమంతమైన ఆటోమేటిక్‌లలో 45:55గా పంచే గ్రహ గేర్ల (ప్లానెటరీ) డిఫరెన్షియల్. మూడింట్లో సీవీటీ రకం గురించి చెప్పుకోవాల్సిన సుగుణం, క్లచ్ మామూలు రోడ్డు మీద కూడా కొంత పట్టి ఉంచుతుంది, జారాక మేలుకునే బాపతు కాదు. పాత విస్కస్ కప్లింగ్‌లో సిలికాన్ ద్రవం ముసలిదైతే బిగుసుకుపోతుంది, ఇరుకు మలుపులో కారు ఎవరో వెనక్కి లాగినట్టు కదులుతుంది.

ఇక హాల్డెక్స్. 1998లో మొదలై ఇంజను అడ్డంగా ఉండే ఎన్నో కార్లలోకి చేరింది కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి. మొదటి తరంలో ముందు-వెనక చక్రాల వేగంలో తేడా వస్తేనే పంపు తిరిగి ప్రెషర్ పుట్టేది, అంటే జారాకే సాయం. నాలుగో తరంలో ఎలక్ట్రిక్ పంపు ప్రెషర్‌ని ముందే సిద్ధంగా ఉంచింది, కారు బయల్దేరేటప్పుడే వెనక చక్రాలు తోడవుతాయి. ఐదో తరంలో బరువు, ఖర్చు తగ్గించడానికి అక్యుములేటర్ (ప్రెషర్ నిల్వ ఉంచేది) తీసేశారు, మార్చుకునే ఫిల్టర్ కూడా తీసేశారు. ఫిల్టర్ బదులు పంపుకే ఒక సన్నని జాలీ ఉంటుంది. క్లచ్ ప్లేట్ల పొడి నూనెలో కలిసి నల్లటి జిగురులా ఆ జాలీని మూసేస్తుంది. పంపు నూనె పీల్చలేక కష్టపడి కష్టపడి చివరికి కాలిపోతుంది. చాలాసార్లు డాష్‌బోర్డులో ఏ దీపమూ వెలగదు. కారు మామూలుగానే నడుస్తుంది, ముందు రెండు చక్రాల మీదే.

సర్వీసులో నూనె మార్చాం అంటే సరిపోదు. నూనె దించాక పంపు విప్పాలి, జాలీ తీసి బ్రేక్ క్లీనర్‌తో తెల్లగా కడగాలి, కొత్త ఓ-రింగులు వేయాలి, కారు సమతలంగా ఉన్నప్పుడు ఫిల్లర్ రంధ్రం నుంచి కారేదాకా నూనె పోయాలి, డయాగ్నొస్టిక్ టూల్‌తో పంపు నడిపించి లెవెల్ మళ్లీ చూడాలి. పట్టేది లీటరు లోపే. వెనక డిఫరెన్షియల్ నూనె వేరు, రెండింటి రంధ్రాలూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని నూనె ఇంకోదాంట్లో పోసినవాళ్లూ ఉన్నారు.

క్లచ్ రకాలన్నింటికీ ఉమ్మడి శత్రువు వేడి. క్లచ్ 500 న్యూటన్ మీటర్లు మోస్తూ నిమిషానికి 50 చుట్లు జారుతోందనుకోండి, దాదాపు 2.6 కిలోవాట్ల వేడి పుడుతుంది. గది వెచ్చబెట్టే హీటర్ కంటే ఎక్కువ, అదీ అరచేతిలో పట్టేంత ప్లేట్ల మధ్య. ఇసుకలో పది నిమిషాలు ఆగకుండా తొక్కితే కంట్రోల్ యూనిట్ క్లచ్‌ని వదిలేయడం లోపం కాదు, ఆత్మరక్షణ. లాక్ మోడ్ (క్లచ్‌ని బిగించి ఉంచే బటన్) ఉంటే దిగబడ్డాక కాదు, దిగబడక ముందే నొక్కాలి. పూర్తిగా బిగిసిన క్లచ్ జారదు, జారకపోతే వేడీ లేదు.

ఇంజను నిలువుగా ఉండే బీఎండబ్ల్యూల్లో ఎక్స్‌డ్రైవ్ ఇదే క్లచ్ తర్కాన్ని తిరగేసింది: వెనక చక్రాలు నేరుగా, ముందువి క్లచ్ ద్వారా. స్టీరింగ్ హాయిగా ఉంటుంది. తక్కువ వేగంలో మెల్లగా యాక్సిలరేట్ చేసినప్పుడు జర్కు వస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఆ క్లచ్ ఉండే పెట్టె) మార్చేయమనే ముందు టైర్ల ట్రెడ్ కొలవండి, నూనె మార్చించండి, ఆ తర్వాత క్లచ్‌ని నొక్కే సర్వో మోటారు పళ్లచక్రం చూడండి. అది ప్లాస్టిక్‌దైతే అరుగుతుంది.

వెనక మోటారు హైబ్రిడ్‌లు స్పందనలో అందరికంటే చురుకు, బలంలో వెనకబాటు. 2019లో వచ్చిన తరం రావ్4 హైబ్రిడ్ వెనక మోటారు 40 కిలోవాట్లు. ముందు చక్రాలకి పట్టు లేకపోతే ఇంజను ఎంత గర్జించినా షాఫ్టు లేదు కాబట్టి వెనక్కి చేరేది అంతవరకే. తడి రోడ్డుకి, మంచుకి భేష్. బురద ఎత్తుకి వద్దు. వెనక రెండు క్లచ్‌లతో ఎడమ-కుడి చక్రాలను వేరుగా నడిపే ట్విన్‌స్టర్, హోండా ఎస్‌హెచ్-ఏడబ్ల్యూడీ అనే అమరికలు మలుపుల్లో కారుని తిప్పడానికి పుట్టినవి, మిగతా విషయాల్లో పై మాటలే వర్తిస్తాయి.

టైర్ల గురించి సుబారు పెట్టిన హద్దు, నాలుగింటి చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం (6.35 మిల్లీమీటర్లు). ట్రెడ్ 1 మిల్లీమీటరు అరిగితే చుట్టుకొలత 6.3 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే ఆ హద్దు అక్కడికే అయిపోయింది. ఒక యాక్సిల్‌కి కొత్త టైర్లు, రెండోదానికి 3 మిల్లీమీటర్లు అరిగినవి ఉంటే గంటకు 100 కిలోమీటర్ల దగ్గర క్లచ్ నిమిషానికి సుమారు 27 చుట్లు ఊరికే జారుతూ ఉంటుంది, గంటల తరబడి. టైరు పంచర్ అయిందని ఒక్కటే కొత్తది వేయించడం ఇందుకే ఖరీదైన పొదుపు.

వాడిన కారు చూస్తుంటే రెండు పరీక్షలు. పొడి కాంక్రీటు మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడక వేగంలో గుండ్రంగా తిప్పండి. టైర్లు కీచుమంటూ గెంతితే మధ్య భాగం బిగుసుకుపోయింది. తర్వాత వదులు కంకర ఎత్తు మీద ఆపి గట్టిగా బయల్దేరండి, ఒక మనిషి పక్కన నిలబడి చూడాలి. ముందు చక్రాల నుంచే రాళ్లు ఎగిరి, వెనకవి ఊరికే దొర్లుతూ ఉంటే పంపు నుంచి మొదలుపెట్టండి.