తూకం వేయకుండా పార్టులు కొనకండి: డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా మా మోటార్‌హోమ్ యాత్ర

ఇది రాయడానికి కారణం గ్రాండ్ కాన్యన్ కాదు. 5,200 డాలర్లు పెట్టి పార్టులు మార్చుకోమని నాకు చెప్పిన ఒక సర్వీస్ సెంటర్, 333 డాలర్లలో బండిని దారికి తెచ్చిన ఒక మెకానిక్. కొత్తగా ఆర్‌వి, అంటే లోపలే వండుకుని పడుకునే మోటార్‌హోమ్ లాంటి బండి, కొనే మనవాళ్లెవరైనా చదివి ఆ డబ్బు మిగుల్చుకోవాలని రాస్తున్నాను.

మాది 32 అడుగుల గ్యాస్ మోటార్‌హోమ్ (ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలే), 2011 మోడల్. ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్, 6.8 లీటర్ల వి10 పెట్రోల్ ఇంజిన్. పెద్ద డీజిల్ మోటార్‌హోమ్‌లలో చాలావాటికి గాలి సంచుల మీద ఆనే ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది. మా దాంట్లో ముందూ వెనకా కమాన్ పట్టీలే, మన లారీల్లాగా. కాబట్టి కారులా నడవాలని నేనేమీ అనుకోలేదు. కానీ కొన్న మొదటి నెలలోనే అర్థమైంది, ఇది నేరుగా కూడా నడవదని. స్టీరింగ్ కుడికీ ఎడమకీ దిద్దుతూనే ఉండాలి. పక్కనుంచి పెద్ద ట్రక్కు వెళితే ముందు బయటికి తోస్తుంది, దాటాక లోపలికి లాగుతుంది. డాలస్‌లోని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, "గ్యాస్ బండ్లన్నీ ఇంతే" అని షాక్ అబ్జార్బర్లు, రబ్బరు స్ప్రింగులు, స్టీరింగ్ అదురు తగ్గించే డ్యాంపర్ కలిపి 5,200 డాలర్ల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నేను వద్దనుకుని, ప్రయాణానికి ముందు చేసే తనిఖీ ఒక్కటే చేయించాను. దానికి 289 డాలర్లు. టైర్లన్నీ చూశామని కాగితం మీద టిక్కు పెట్టి ఇచ్చారు.

2024 ఏప్రిల్‌లో అమ్మానాన్న నరసరావుపేట నుంచి వచ్చారు. నాన్న ఆర్టీసీలో 28 ఏళ్లు డ్రైవరు. పిల్లలిద్దరితో కలిపి ఆరుగురం శనివారం తెల్లవారుజామున బయల్దేరి 287 హైవే ఎక్కాం. విచిటా ఫాల్స్ దాకా బాగానే ఉంది. చిల్డ్రెస్ దాటాక ఎడమవైపు నుంచి ఈదురుగాలి మొదలైంది. అడ్డమొచ్చే చెట్టు లేదు, కొండ లేదు. నేను గంటకు 55 మైళ్లు దాటలేకపోయాను. వెనక అమ్మ రెండుసార్లు వాంతి చేసుకుంది. మా ఆవిడ అల్మారా తలుపులు చేత్తో పట్టుకుని కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. నాన్న మాత్రం నా చేతుల వంకే చూస్తున్నాడు. "ఏందిరా, స్టీరింగుని అట్టా దువ్వుతానే ఉన్నావు? ముందు చక్రాలు రోడ్డు మీద ఆనట్లేదు" అన్నాడు. నాకు చిరాకేసి సమాధానం చెప్పలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

అమరిల్లో శివార్లలో రాత్రికి 58 డాలర్లు పెట్టి ఒక ఆర్‌వి పార్కులో దిగాం. ఫోటోల్లో పచ్చిక ఉంది, అక్కడ కంకర ఉంది. కరెంటు పెట్టెలో 50 ఆంపుల సాకెట్ మాడి నల్లబడి ఉంది. 30 ఆంపుల దానికి పెట్టుకుంటే ఏసీ, మైక్రోవేవ్ కలిపి వేసిన ప్రతిసారీ ట్రిప్ అయింది. ఆఫీసులో ఉన్నామె తల ఎత్తకుండానే "డబ్బు తిరిగివ్వడం మా పద్ధతి కాదు" అంది. అలాంటి చోట రెండు రాత్రులు ఉండాల్సి వచ్చింది. దానికీ కారణం టైర్లే.

ఆదివారం పొద్దున నిద్ర లేచేసరికి నాన్న వీల్ స్పానర్ పట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్నాడు. డిపోలో చేసినట్టే ఒక్కో టైరునూ కొట్టి వింటున్నాడు. ముందు టైర్లు ఠంగుమన్నాయి, స్పానర్ ఎగిరి చేతికొచ్చేంత గట్టిగా. వెనక జంట టైర్లలో బయటిదీ అంతే. లోపలి టైరును కొడితే దబ్బుమని చచ్చు చప్పుడు. నన్ను పిలిచి మళ్లీ కొట్టి వినిపించాడు. నా దగ్గరున్న గాలి కొలిచే గేజ్ లోపలి వాల్వ్‌కి అందలేదు. "కదిలించబాక" అన్నాడు. కదిలించలేదు.

సోమవారం పొద్దున ఒక మెకానిక్ తన ట్రక్కులో పార్కుకే వచ్చాడు. రావడానికి 90 డాలర్లు. చల్లటి టైర్ల మీద కొలిచాడు. ముందు 110 పీఎస్‌ఐ, వెనక బయటివి 110, లోపలివి ఒకటి 64, ఇంకోటి 71. డ్రైవరు సీటు పక్కనున్న స్టిక్కర్ మీద ఉన్నది 82. సర్వీస్ సెంటర్ వాళ్లు టైరు గోడ మీదున్న అంకె చూసి అందినవాటికి కొట్టేశారు, అందనివాటిని వదిలేశారు. ఆ 110 ఆ టైరు మోయగల గరిష్ఠ బరువుకు కావాల్సిన గాలి. మా బండి అంత బరువు వేయదు. గాలి ఎక్కువైతే టైరు ఉబ్బి రోడ్డుకు ఆనే మేర తగ్గుతుంది, గుంటల దెబ్బ మొత్తం లోపలికి వస్తుంది. లోపలి టైర్లలో గాలి తక్కువైతే బరువు బయటి వాటి మీద పడుతుంది. అలా 365 మైళ్లు వచ్చామంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

లోపలి టైర్లకు దెబ్బ తగల్లేదని చూసుకుని, అన్నీ 82కి తెచ్చి, లోపలి వాల్వులకు పొడిగింపు గొట్టాలు బిగించాడు, 48 డాలర్లు. తర్వాత బండి కిందికి దూరాడు. పక్కకు ఒరగకుండా పట్టే స్వే బార్‌కి ఈ చాసిస్‌లో చివర రెండేసి రంధ్రాలుంటాయి. ఫ్యాక్టరీలో బార్‌ను పట్టే లింకు కడ్డీని బయటి రంధ్రానికి బిగిస్తారు. లింకును లోపలి రంధ్రానికి మారిస్తే మీట పొడవు తగ్గి బార్ గట్టిపడుతుంది. కొత్త పార్టు ఏదీ అక్కర్లేదు. ముందూ వెనకా మార్చడానికి గంటన్నర, 195 డాలర్లు. ఆ గంటన్నరా నాన్న కంకర మీద అట్టముక్క పరుచుకుని పక్కనే పడుకుని టార్చ్ పట్టాడు. ఒకరి భాష ఒకరికి రాదు. నట్టు బిగిసిన ప్రతిసారీ ఇద్దరూ తలాడించుకున్నారు.

వెళ్తూ వెళ్తూ మెకానిక్, ట్రక్ స్టాప్‌లో తూకం వేయించమన్నాడు. అక్కడి క్యాట్ స్కేల్ అనే తూకం మీద ముందు ఇరుసు 6,060 పౌండ్లు, వెనక ఇరుసు 10,980. నీళ్ల ట్యాంకు నిండుగా ఉంది, అది వెనక ఇరుసు కంటే వెనక్కి ఉంటుంది. దాదాపు 58 గ్యాలన్లు వదిలేసి మళ్లీ తూస్తే వెనక 600 పౌండ్లు తగ్గి 10,380, ముందు 120 పెరిగి 6,180. తోక బరువు తగ్గితే ముక్కు కిందికి దిగింది. నాన్న అన్నది అదే. రెండు తూకాలకూ కలిపి 20 డాలర్లు కూడా కాలేదు. ఈ రెండు చీటీలు చేతిలో లేకుండా ఎవరూ ఒక్క స్ప్రింగు కూడా కొనకండి.

ఆ సాయంత్రమే పాలో డ్యూరో లోయలోకి దిగాం. పెద్దవాళ్లకు తలా 8 డాలర్లు. 10 శాతం వాలు, మలుపులు. వాలులో ఇంజిన్‌తోనే వేగం ఆపే టో-హాల్ బటన్ నొక్కి చిన్న గేరులో వదిలితే బండి ఒక్కచోట కూడా ఒరిగి భయపెట్టలేదు. ఎర్రటి కొండల కింద అమ్మ రెండు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తింది, పప్పుచారు, గుమ్మడికాయ వడియాలు. దీని ముందు ఆ కంకర పార్కు ఎందుకూ పనికిరాదు. అమరిల్లో వెళ్లేవాళ్లు ముందే బుక్ చేసుకుని ఇక్కడే ఉండండి.

అల్బుకర్కీ, పెట్రిఫైడ్ ఫారెస్ట్, ఫ్లాగ్‌స్టాఫ్ హాయిగా గడిచాయి. గ్రాండ్ కాన్యన్‌లో పార్కు లోపలే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో దిగండి. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ ఉంటాయి, ఉచిత షటిల్ బస్సులుంటాయి, బండి కదపక్కర్లేదు. మొత్తం 2,180 మైళ్లకు 291 గ్యాలన్లు, 988 డాలర్లు అయింది. గ్యాలన్‌కి ఏడున్నర మైళ్లు, దీనికి మించి ఆశించకండి.

తిరుగు ప్రయాణంలో అదే 287 మీద అదే ఈదురుగాలి. గంటకు 62 మైళ్లలో నడిపాను, అమ్మ వెనక పడుకుని నిద్రపోయింది. బండి పూర్తిగా బాగైందని మాత్రం చెప్పను. పెద్ద ట్రక్కు దాటినప్పుడు తోక ఇంకా కొంచెం పక్కకు జరుగుతుంది. కమాన్ పట్టీలు పైకీ కిందికే కాదు, కొంత పక్కకూ ఆడతాయి. దానికి వెనక ఇరుసు పక్కకు జరగకుండా పట్టే ట్రాక్ బార్ వేయాలి, 540 డాలర్లు, బిగింపు వేరు. సర్వీస్ సెంటర్‌కి గేజ్ ఫోటోలు, తూకం చీటీలు పంపి నా 289 వాపసు అడిగాను. నాలుగు వారాలైంది, జవాబు లేదు. ట్రాక్ బార్ పని జూన్ లోపల పెట్టించమని నాన్న రోజూ గుర్తు చేస్తున్నాడు. జూన్ 20న వాళ్లకు ఇండియా ఫ్లైటు, అది బిగించేటప్పుడు తను కింద ఉండాలట.