నాలుగేళ్ల వాడకం తర్వాత: 900 రూపాయల ఓబీడీ స్కానర్, నా బండి ఇంజెక్టర్లు

నాది 2014 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మామూలు ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (ఒక్కో సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఒకటి విడిగా ఉండేది), టర్బో లేదు. 2021లో విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటాక మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) మొదలైంది, చెక్ ఇంజిన్ లైట్ బ్లింక్ అవుతోంది. లైట్ నిలకడగా వెలగడం వేరు, బ్లింక్ అవడం వేరండి, బ్లింక్ అయితే కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తున్నట్టు, స్పీడ్ తగ్గించి పక్కకి తీసెయ్యాలి. ఎలాగో సిటీ చేరి ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే ఐదు నిమిషాల్లో "సార్ నాలుగు ఇంజెక్టర్లూ పోయాయి, మార్చాలి" అని 18 వేలకి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు, ఏం టెస్ట్ చేశారని అడిగితే జవాబు లేదు. ఆ రాత్రే ఈ బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని ఫాల్ట్ కోడ్లు చదివి ఫోన్‌లో చూపించేది) ఆర్డర్ పెట్టా.

స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చి, ఫోన్‌లో టార్క్ యాప్ పెట్టి చూస్తే పీ0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. కోడ్ అంతవరకే చెప్తుంది, తప్పు స్పార్క్ ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్‌దా, ప్లగ్‌దా, ఇంజెక్టర్‌దా అనేది చెప్పదు, అది మనమే తేల్చుకోవాలి. రెండో సిలిండర్ కాయిల్ తీసి నాలుగో దానికి పెట్టి, నాలుగో దాన్ని రెండుకి పెట్టి, కోడ్ క్లియర్ చేసి ఒక రౌండ్ తిప్పా, ఈసారి పీ0304 వచ్చింది. మిస్సింగ్ కాయిల్ వెంట వెళ్లిందంటే తప్పు కాయిల్‌దే, ఇంజెక్టర్లకి దానితో సంబంధమే లేదు. ఒక్క కాయిల్ మార్చా, బండి సెట్. ఇంజెక్టర్ మార్చాలని ఎవరు చెప్పినా ముందు ఈ మార్పిడి చేసి చూపించమని అడగండి, పైసా ఖర్చు లేని టెస్ట్ ఇది.

ఇంజెక్టర్ నిజంగానే ఇబ్బంది పెట్టింది 2024లో, 96 వేల కిలోమీటర్ల దగ్గర. ఐడిలింగ్‌లో బండి వణుకు, పికప్ డల్, పొద్దున్నే సెల్ఫ్ కొడితే రెండోసారికి గానీ అందుకోదు. ఇక్కడే ఫ్యూయల్ ట్రిమ్ అనే నంబర్ పనికొచ్చింది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసే సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఎంత పెట్రోల్ కలుపుతోందో ఎంత తగ్గిస్తోందో శాతాల్లో చూపిస్తుంది, లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ మైనస్ 5 లోపు ఉంటే హాయిగా ఉన్నట్టు. నాది ప్లస్ 11, అంటే ఈసీయూ పెట్రోల్ ఎక్కువ కలుపుతోంది. ఐడిలింగ్‌లో ఎక్కువ ఉండి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే పడిపోతే ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానించాలి, నాది రెండు చోట్లా అంతే ఉంది, అంటే పెట్రోలే చాలట్లేదు. ఆటోనగర్‌లో మాకు అలవాటైన మెకానిక్ బాబాయ్ గేజ్ పెట్టి చూస్తే ప్రెజర్ మూడున్నర బార్ నిలకడగా ఉంది, సో పంపు ఓకే. మల్టీమీటర్ పెడితే నాలుగు ఇంజెక్టర్లూ 12, 13 ఓమ్స్, అంటే ఇంజెక్టర్ లోపలి వైండింగ్ కూడా ఓకే. కోడ్ పీ0303, కాయిల్ మార్చి పెట్టినా కదల్లేదు, ప్లగ్ మార్చినా కదల్లేదు, మూడో ఇంజెక్టర్ ఒకటికి పెడితే పీ0301కి వెళ్లింది. దొరికింది దొంగ.

మా బండికి నాలుగు సిలిండర్లకీ కలిపి ఆ ఆక్సిజన్ సెన్సర్ ఒకటే, అందుకే ఒక ఇంజెక్టర్ తక్కువ కొడితే ఈసీయూ నాలుగింటినీ ఎక్కువసేపు తెరుస్తుంది, మిగతా మూడూ అవసరానికి మించి పోస్తాయి, మైలేజీ పడేది అక్కడే.

విప్పేముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసి ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపాలి, తర్వాత బ్యాటరీ నెగటివ్ విప్పాలి, లేకపోతే రెయిల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) లూజ్ చేయగానే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. ఇది మాత్రం అస్సలు మర్చిపోవద్దు. అల్ట్రాసోనిక్ మెషిన్ (శబ్ద తరంగాలతో ఇంజెక్టర్లు శుభ్రం చేసేది) ఉన్న షాపులో ముందు ఒక్కోటి ఎంత పోస్తోందో కొలిపించా: మూడు ఇంజెక్టర్లు 58, 57, 56 ఎంఎల్, మూడో సిలిండర్‌ది 44. పైగా మిగతావి పొగమంచులా స్ప్రే చేస్తుంటే అది సన్నటి ధారలా కారుతోంది. క్లీనింగ్ అయ్యాక అన్నీ 60 చుట్టుపక్కలకి వచ్చాయి. లోపలి బుల్లి ఫిల్టర్లు, ఓ రింగులు (లీకవకుండా ఉండే రబ్బరు రింగులు) కొత్తవి వేయించా (పాత ఓ రింగ్ మళ్లీ వేస్తే పెట్రోల్ లీకయ్యే ప్రమాదం ఉంది, అక్కడ కక్కుర్తి వద్దు). మొత్తం 2,200 అయింది. ట్రిమ్ ప్లస్ 3కి దిగింది, వణుకు పోయింది, బాబాయ్ రేసు ఇచ్చి చూసి "ఇప్పుడు ఎత్తుకుంటోంది రా అబ్బాయ్" అన్నాడు.

ఎందుకు పట్టేసిందంటే నా వాడకమే అనుకుంటున్నా, ఆఫీసుకి మూడు కిలోమీటర్లు, రోజుకి ఆరేడు సార్లు ఆన్ ఆఫ్. ఇంజిన్ ఆపాక ఆ వేడికి ఇంజెక్టర్ మొన మీద మిగిలిన చుక్క ఆరిపోయి పొరలా గట్టిపడుతుంది, రోజూ అదే. ఇప్పుడు వారానికోసారి గుంటూరు దాకా హైవే మీద తిప్పుతున్నా, అప్పుడప్పుడు పీఈఏ (మసిని వదిలించే రసాయనం) ఉన్న క్లీనర్ ఒక బాటిల్ ట్యాంకులో పోస్తా, కొద్దిపాటి మసికి అది పనిచేస్తుంది కానీ ధారలా కారే స్టేజికి వచ్చినదాన్ని బాగుచేస్తుందని నేను నమ్మను. ప్రతి సర్వీసులో ఇంజెక్టర్ క్లీనింగ్ అని బిల్లులో కలిపితే ట్రిమ్ ఎంతుందో చూపించమంటా, 5 లోపుంటే వద్దంటా.

స్కానర్‌కి లోటుపాట్లు ఉన్నాయి. ఒక్కో ఇంజెక్టర్‌ని విడిగా ఆపి చూడటం దీంతో కాలేదు, దానికి మెకానిక్ దగ్గరుండే పెద్ద టూల్ కావాలి. ఇంజిన్ ఆపాక కారే ఇంజెక్టర్‌ని పట్టుకోవడం కూడా కష్టం, వేడి మీద స్టార్ట్ అవ్వకపోవడం, పెట్రోల్ వాసన, వీటిని బట్టి మనమే అనుమానించాలి. క్లాసిక్ బ్లూటూత్‌ది ఐఫోన్‌తో కలవదు, వైఫైదో బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ రకం) ఉన్నదో తీసుకోవాలి. పోర్టులోనే వదిలేసి సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులకి వస్తే బ్యాటరీ దిగిపోయింది, అప్పట్నుంచి పని అవగానే పీకి డ్యాష్‌బోర్డులో పడేస్తున్నా.

ఇప్పుడు బండి 1,12,000 దాటింది. మొన్న ఆదివారం చూశా, ట్రిమ్ ఇంకా ప్లస్ 3 దగ్గరే ఉంది.