తొమ్మిదేళ్ళ ఆదివారాలు, నాలుగు విజిళ్ళు

మనశ్శాంతి కోసం వెతుకుతున్నవాళ్ళు ఈ సమీక్ష ఇక్కడే ఆపేయొచ్చు. ఆదివారం పూట కాసేపు మౌనంగా కూర్చుని, తర్వాత మాట్లాడుకునే ఒక చిన్న బృందం గురించి ఇది. తొమ్మిదేళ్ళు తిరిగాను, నాకు దొరకలేదు. అయినా వెళ్తూనే ఉన్నాను. ఎందుకంటే చెప్పడానికి కాస్త చోటు పడుతుంది.

హైదరాబాదులో ఒక పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. రిటైరైన లెక్చరర్ గారొకరి ఇంటి హాలు. ఆయన్ని అందరం మాస్టారు అంటాం. ఆదివారం పొద్దున్న 7 నుంచి 8:30 దాకా. మొదటి 20 నిమిషాలు ఊరికే కూర్చోవడం. మంత్రం లేదు, ముక్కు కొస చూడటం లేదు, సంగీతం లేదు. తర్వాత తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగంలోంచి ఒక పేజీ చదవడమో, ఎవరో ఒక ప్రశ్న వెయ్యడమో. మిగతా గంట మాటలు. ఫీజు లేదు. టీ బిస్కెట్ల ఖర్చుకు టీవీ పక్కన ఒక హార్లిక్స్ సీసా పెట్టారు. అందులో వెయ్యడం మాత్రం చాలామందిమి మర్చిపోతాం.

నేను చేరింది 2016 ఆగస్టులో. బ్యాంకు ఉద్యోగం, అప్పుడే మొదలైన బీపీ మాత్ర, ఇంటర్‌లో కొడుకు. పక్క సీటు కొలీగ్ లాక్కెళ్ళింది. ఆవిడ మూడు వారాలకే మానేసింది, నేనుండిపోయాను.

మొదట్లో ఆ 20 నిమిషాలూ నరకం. మోకాళ్ళు కాదు, కుర్చీలోనే కూర్చోవచ్చు. చెయ్యడానికేమీ లేకపోవడమే నరకం. ఒకసారి అంతకుముందు నాగార్జునసాగర్ విపశ్యన కేంద్రంలో పది రోజులు ఉండి వచ్చాను. అక్కడ తెల్లవారుజామున 4కి గంట కొడతారు, రోజుకు పది గంటల దాకా కూర్చోబెడతారు, కానీ పని ఇస్తారు: ఊపిరి చూడు, ఒంట్లో స్పందనలు చూడు. పని ఉంటే నాబోటి వాళ్ళకి హాయి. ఇక్కడ అదీ లేదు. కృష్ణమూర్తి గారికి పద్ధతులంటే పడదు కదా, పద్ధతి పట్టుకున్నవాడికి పద్ధతి చెప్పిందే కనిపిస్తుందని ఆయన వాదన.

చేరిన రెండు మూడు నెలలకు ఒక చిన్న సంగతి జరిగింది. మేం కళ్ళు మూసుకుని కూర్చున్నాం. పక్క ఫ్లాట్‌లో కుక్కర్ విజిల్ వేసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోది కూడా వచ్చింది. 20 నిమిషాలు అయ్యాక మాస్టారు గొంతు సవరించుకునే లోపే ఒక పెద్దావిడ అనేసింది: "మూడింటికి కట్టెయ్యాలి కదమ్మా, పప్పు ముద్దయిపోయుంటుంది." అందరం ఒక్కసారి నవ్వాం. విచారిస్తే తేలిందేమిటంటే, ధ్యానంలో ఉన్న పదకొండు మందిలో తొమ్మిది మందిమి విజిళ్ళు లెక్కపెట్టాం. ఇంకొకాయన ఏకంగా ఆ ఇంటికెళ్ళి స్టవ్ ఆపి వచ్చానన్నాడు, మనసులోనే లెండి. ఏటా గిరిప్రదక్షిణకు అరుణాచలం వెళ్ళే ఆవిడ మెల్లిగా అడిగింది: "లెక్కపెట్టమని ఎవరు చెప్పారు మనకి? లెక్కపెట్టిందెవరు?" ఆవిడది రమణ మహర్షి దారి. ఆలోచన వస్తే దాని వెంట పడకుండా ఇది ఎవరికి వచ్చిందని వెనక్కి తిరగడం ఆ విచారణ పద్ధతి. ఆ పూట చదవాల్సిన పేజీ చదవలేదు. గంటసేపూ విజిల్ మీదే నడిచింది. తొమ్మిదేళ్ళలో అంత మంచి ఆదివారాలు నాకు ఇరవై కూడా లేవు.

ఇంక మిగతా ఆదివారాల సంగతి. చాలా మటుకు విసుగు. అబద్ధమెందుకు?

మాస్టారు పెట్టిన నియమాలు కొన్ని డేవిడ్ బోమ్ దగ్గర తీసుకున్నవి. బోమ్ భౌతికశాస్త్రవేత్త, కృష్ణమూర్తితో ఏళ్ళ తరబడి కూర్చుని మాట్లాడిన మనిషి. డిస్కషన్ అన్న మాటకు పెర్కషన్‌తో చుట్టరికం ఉందనేవాడు ఆయన. అంటే బాదడం, బంతిలా అటూ ఇటూ కొట్టుకోవడం. సంవాదంలో, అంటే ఆయన చెప్పిన డైలాగ్‌లో, గెలుపుండదు, తీర్మానముండదు, సలహా ఇవ్వకూడదు. నీ అభిప్రాయాన్ని ఒప్పుకోనూ వద్దు, తోసెయ్యనూ వద్దు, నలుగురి మధ్య పెట్టి నువ్వూ చూడు. వినడానికి బాగుంటుంది. ఆయన 20 నుంచి 40 మంది ఉంటే మంచిదన్నారు. మేం పదకొండు మందిమి. ఇంత తక్కువైతే వచ్చే చిక్కేమిటంటే, ఏడాది తిరిగేసరికి ఎవరు నోరు తెరిస్తే ఏం వస్తుందో అందరికీ కంఠస్థం. నేను కొడుకు గురించి ఎత్తుకుంటానని వాళ్ళకి తెలుసు. వాళ్ళకి తెలుసని నాకూ తెలుసు.

అంతకంటే పెద్ద రోగం, పరిభాష. ఎవరైనా తమ బాధ చెప్పుకుంటే పాతకాపు ఒకరు చిరునవ్వుతో "అది మీ కండిషనింగ్ అండీ" అంటారు, అంటే పెంపకం, అలవాటు మనసుకు పోసిన మూస అని. అంతే, తలుపు మూసినట్టే. "చూసేవాడే చూడబడేది" అన్న కృష్ణమూర్తి మాటను నేను ఎన్నిసార్లు విన్నానో. అన్నవాళ్ళకి దాని అర్థం తెలిసిన దాఖలా ఒక్కసారీ కనపడలేదు, నాతో కలిపి. ఈ కృష్ణమూర్తి ఎవరు? 1895లో మన మదనపల్లెలో పుట్టి, 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెద్దల కంట్లో పడి, జగద్గురువు అవుతాడని వాళ్ళు కట్టిన సంస్థను 1929 ఆగస్టు 3న హాలండ్‌లో తానే రద్దు చేసిన మనిషి. తనకు శిష్యులొద్దన్న మనిషి పేరు చెప్పుకునే చోట కూడా "నేను 1982లో ఆయన్ని స్వయంగా విన్నాను" అంటే కుర్చీ ముందుకు జరుగుతుంది. మన జాతి లక్షణం కాబోలు.

ఒక సంఘటన మాత్రం మర్చిపోలేను. భర్త పోయి రెండు నెలలైన ఒకావిడ వచ్చింది. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదని, అన్నం సయించట్లేదని చెప్పింది. మాలో ఒకరు "ఆ దుఃఖం నుంచి పారిపోకండి, దాంతోనే ఉండిపోండి" అన్నారు. ఆవిడ తలూపింది. చెప్పుల దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడటం నేను చూశాను. నేను లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళొచ్చు కదా? వెళ్ళలేదు. ఆ పూట విషయం "ఎదుటి మనిషిని వినడం". సంవాదం పూర్తయ్యేదాకా కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ రాలేదు. పచ్చిగాయంతో ఉన్నవాళ్ళకి ఇది చోటు కాదు. నిద్రా తిండీ పోతే ముందు డాక్టరు దగ్గరికెళ్ళండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. ధ్యానం తర్వాత చూసుకోవచ్చు.

2019లో మా దగ్గరికి నల్గొండ వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, కంప్యూటర్లు బాగుచేసే షాపతనిది. మా మాటలు సగం ఇంగ్లీషులో నడిచేవి, అవేర్‌నెస్‌ని మాత్రం ఎరుక అనేవాళ్ళం. రెండు వారాలు విని, మూడో వారం అన్నాడు: "అక్కా, మీరు ఎరుక ఎరుక అంటున్నరు గదా. మా దిక్కు ఎరుక అంటే తెలుసుడు. నీకెరుకేనా అంటే నీకు తెలుసా అని. మరి తెలిసినదంతా పాతదే అని కృష్ణమూర్తి పుస్తకంల ఉన్నది. ఇగ ఎరుక ఎట్ల కొత్తదైతది?" ఎవరి దగ్గరా జవాబు లేదు. మాస్టారైతే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సోది చెప్పేవాళ్ళు "ఎరుక చెబుతా" అనే మాట కూడా పెద్దావిడ గుర్తుచేసింది.

దాంతో నెలకొక ఆదివారం అచ్చంగా తెలుగే అనుకున్నాం. నా మటుకు నాకు ఈ తొమ్మిదేళ్ళలో పనికొచ్చిన మార్పు ఇదొక్కటే. "కాన్షస్‌నెస్" అనడానికి వీల్లేదు. చైతన్యమా, స్పృహా, మెలకువా? తేల్చుకోలేక ఆగిపోతాం. "నాకు ఇన్‌సెక్యూర్‌గా ఉంది" అనే పెద్దమనిషి కాసేపు వెతుక్కుని, "మా తమ్ముడి ఇల్లు చూస్తే కడుపులో మండుతోంది" అన్నాడు. మామూలుగా పొంగిపొర్లే వక్తలు రెండు వాక్యాలకే ఆగారు. అరువు మాటలు పోతే, నిన్న వంటింట్లో ఏం జరిగిందో అదే మిగిలింది. కృష్ణమూర్తి గారికి చిన్నప్పుడే విదేశాలు వెళ్ళాక తెలుగు పోయింది, పాపం. ఆయన చెప్పింది మేం తెలుగులోకి తెచ్చుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది.

లాక్‌డౌన్‌లో జూమ్‌లో పెట్టాం. అది ఒట్టి దండగ. ఒక్క లాభం, నోరు తెరవాలంటే బటన్ నొక్కాలి కాబట్టి కొన్ని అభిప్రాయాలు మధ్యలోనే చచ్చిపోయాయి.

2022లో ఆరుగురం మదనపల్లె దగ్గర కృష్ణమూర్తి పెట్టిన స్కూలు ఋషి వ్యాలీకి వెళ్ళాం. అక్కడ స్టడీ సెంటర్‌లో డబ్బు కట్టి ఉండొచ్చు, శాకాహార భోజనం. స్కూలు పిల్లలు సాయంత్రం కొండల మీద కుంకే సూర్యుణ్ణి చూస్తూ మాట్లాడకుండా కూర్చుంటారు, దాన్ని అస్తాచల్ అంటారు. మేమూ దూరంగా కూర్చున్నాం. చుట్టూ బండరాళ్ళ గుట్టలు, పిట్టల గోల. ఒక పిల్లవాడు మొదటి నుంచి చివరిదాకా చెప్పు అంచుతో చీమను దారి మళ్ళిస్తూనే ఉన్నాడు. వాడికి సూర్యుడు అక్కర్లేదు. నాకెందుకో వాడే నిజంగా అక్కడున్నాడనిపించింది. ఇది నా ఊహ మాత్రమే. ఆ కుర్రాడు హోమ్‌వర్క్ గురించి ఆలోచిస్తుండొచ్చు కూడా.

ఏం మారింది అని మా ఆయన అడుగుతుంటారు. ఒకటి చెప్తాను. 2016 నవంబరు 13, ఆదివారం. నోట్ల రద్దు గొడవలో బ్యాంకు తెరిచే ఉంది. మధ్యాహ్నానికి నా కౌంటర్ ముందు ఒక పెద్దాయన, నోట్ల కట్ట విసిరినంత పనిచేసి "దొంగల్లా కూర్చున్నారు" అన్నాడు. నా చెవులు వేడెక్కడం తెలిసింది. అరచెయ్యి బల్లకు అంటుకుపోవడం తెలిసింది. ఆయన మాట్లాడుతుండగానే లోపల నా జవాబు వరసలు కట్టుకుంటోందని కూడా తెలిసింది. తెలిసే అరిచాను. గట్టిగానే. క్యూలో వాళ్ళు తిరిగి చూశారు. కానీ అంతకుముందు ఇరవయ్యేళ్ళ సర్వీసులో అరిచాకే తెలిసేది, అదీ ఇంటికెళ్ళాక, గిన్నెలు తోముతుంటే. ఆ రోజు ముందే తెలిసింది, అర నిమిషం ముందు. ఇప్పటికీ అర నిమిషమే. కొన్నిసార్లు ఆ అర నిమిషంలో నోరు మూతపడుతుంది, కొన్నిసార్లు లేదు. మా అబ్బాయినడిగితే లేదనే చెప్తాడు.

నక్షత్రాలివ్వమంటే అయిదింటికి మూడు. తెలుగు ఆదివారానికి విడిగా నాలుగున్నర. వెళ్ళదలిస్తే ఆరు వారాలు చూసి నిర్ణయించుకోండి, మొదటి రెండింటిలో అంతా అయోమయంగానే ఉంటుంది. ప్రవచనం కావాలనుకుంటే వద్దు, తోచక వచ్చేవాళ్ళకీ వద్దు. ఎవరైనా మీతో "అది మీ కండిషనింగ్" అంటే "అవునండీ, మీది కూడా చెప్పండి" అనండి, నేను పరీక్షించి చూశాను. అందరం గుండ్రంగా కూర్చుంటాం కాబట్టి దాక్కోవడానికి వెనక వరస ఉండదు. వంటింటి గుమ్మం పక్కన మాత్రం ఒక కుర్చీ ఉంది, సగం తలుపు చాటు. తొమ్మిదేళ్ళుగా నేనే కూర్చుంటున్నాను. ఏడుకి పది నిమిషాల ముందొస్తే మీకు దొరకొచ్చు.