టైల్స్ సందుల్లో నల్లబూజు: యాసిడ్ మేలా, బ్లీచ్ మేలా?

నల్లగొండలో బోరు నీళ్లు వాడే ఏ ఇంటి బాత్రూమ్‌లోనైనా రెండు రకాల మరకలు కనిపిస్తాయి. కుళాయి కింద, టైల్స్ మీద తెల్లటి ఉప్పు మరక. టైల్స్ మధ్య సందుల్లో నల్లటి చుక్కలు. మొదటిది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఆరి గట్టిపడిన పొర. రెండోది బూజు, ప్రాణమున్నది. రెండింటికీ ఒకే యాసిడ్ సీసా ఎత్తడం దగ్గరే మనం దెబ్బతింటున్నాం.

యాసిడ్ ఉప్పు మరకను బుసబుసా పొంగించి కరిగిస్తుంది, నిజమే. కానీ సందుల్లో నింపింది సిమెంటు. యాసిడ్ దాన్నీ తినేస్తుంది. మా అమ్మ ఏళ్లుగా ప్రతి పండగకూ యాసిడ్ పోసి కడిగిన గోడను మొన్న పిన్నీసుతో గీరి చూశాను. గట్టిగా ఉండాల్సిన సందు సన్నటి ఇసుకలా నా అరచేతిలోకి రాలింది. అలా గరుకెక్కిన గుంటల్లో తడీ సబ్బు మడ్డీ నిలుస్తాయి, వానాకాలం రాగానే బూజు మునుపటికన్నా లోతుగా పాకుతుంది. "యాసిడ్ పోస్తేనే కదరా తెల్లగా వచ్చేది" అంటుంది అమ్మ. ఆ తెలుపు పైపైది.

బూజుకైతే సీసాలో దొరికే ద్రవ బ్లీచ్ మేలు. ఒక వంతు బ్లీచ్‌కు పది వంతుల నీళ్లు కలిపి, సందుల మీద రాసి, పదిహేను నిమిషాలు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగాలి. నలుపు కళ్ల ముందే విరుగుతుంది. రంగు సిమెంటు నింపిన సందులైతే వెలిసిపోవచ్చు, ముందు ఒక మూల రాసి చూడండి. చేతికి గ్లౌజులు ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. యాసిడ్‌తో కడిగిన రోజు మాత్రం బ్లీచ్ జోలికి అసలు వెళ్లొద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఈ ఒక్క మాట ఇంట్లో పని చేసే అమ్మాయికి కూడా తప్పకుండా చెప్పండి.

ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌కే నా ఓటు. ఘాటు వాసన ఉండదు. పని కాస్త నెమ్మది, మొండి నలుపుకు రెండు మూడు సార్లు రాయాలి. వెనిగర్ కూడా ఆమ్లమే కాబట్టి సిమెంటు సందులకు పదే పదే వాడకూడదు. వంటసోడా సబ్బు మడ్డిని రుద్దడానికి పనికొస్తుంది. వెనిగర్, సోడా కలిపితే ఒకదాని బలాన్ని మరొకటి విరిచేస్తుంది, నురగ తప్ప మిగిలేదేమీ లేదు.

సందులు ఇప్పటికే రాలుతుంటే ఏ సీసా పనికిరాదు. పాతది గీకించి కొత్తది నింపించాలి. సిమెంటు చవక, కానీ నీళ్లు పీలుస్తుంది. ఎపాక్సీ, అంటే జిగురులా కలిపి నింపితే గట్టిపడే రసాయన పదార్థం, ఖరీదు చాలా ఎక్కువ, నింపడానికి చేయి తిరిగిన మేస్త్రీ కావాలి, కానీ నీళ్లు పీల్చదు. గది మొత్తానికి పెట్టలేకపోతే స్నానం చేసే చోట నేలకు, నడుము ఎత్తు వరకు గోడకు ఎపాక్సీ పెట్టించండి. నేనైతే అంతే చేయించాను. స్నానం కాగానే వైపర్‌తో గోడ నీళ్లు లాగి, తలుపు తెరిచి ఉంచుతున్నాం. నిరుటి వానాకాలంలో ఆ గోడకు చుక్క నలుపు పట్టలేదు.