యూట్యూబ్‌పై ఒక సమీక్ష: చూసేది మనమే, తేల్చేది ఎవరు?

యూట్యూబ్‌లో ప్రకటనల బెడద గురించి, ప్రీమియం చందా ధర గురించి రాసిన సమీక్షలకు కొదవ లేదు. నేను ఇక్కడ పరిశీలించదలచుకున్నది వేరొక విషయం. కొత్త సినిమా మొదలుకొని రాజధాని వివాదం వరకు, మోకాళ్ల నొప్పి మొదలుకొని మిరప తోటలో తామర పురుగు వరకు, ఏ విషయం మీదనైనా ఒక అభిప్రాయానికి రావాలంటే చాలా తెలుగు ఇళ్లలో ఇప్పుడు ముందుగా తెరిచేది ఈ యాప్‌నే. అలా ఏర్పడిన అభిప్రాయంలో మన ఆలోచన పాలు ఎంత, ఆ యాప్ అమరిక పాలు ఎంత అన్నదే నా ప్రశ్న.

ముందుగా దీనికి దక్కవలసిన ప్రశంసను దక్కనివ్వాలి. మన మనసులో ఒక ప్రశ్న పుట్టి, దానికి జవాబు కోసం వెళ్లి వెతికినప్పుడు యూట్యూబ్ చేసే మేలు చిన్నది కాదు. శాసనసభ చర్చ గురించి పత్రికలో నాలుగు వాక్యాలు చదివి ఊరుకోనక్కరలేకుండా, ఒక సభ్యుడు మాట్లాడినదంతా మొదటి నుంచి చివరి దాకా వినవచ్చు. ఒక నాయకుడి ప్రసంగంలోంచి ముప్పై సెకన్ల ముక్క వాట్సాప్‌లో తిరుగుతున్నప్పుడు, ఆ ముక్కకు ముందూ వెనుకా ఏముందో పూర్తి వీడియోలో చూసుకోవచ్చు. మూలాన్ని నేరుగా చూసి తేల్చుకోవడానికి ఇంతటి వీలు మన ముందు తరానికి లేదు. ఈ ఒక్క కారణం చాలు, ఈ యాప్‌ను ఫోనులోంచి తీసివేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వకపోవడానికి.

చిక్కంతా మనం ఏ ప్రశ్నా లేకుండా వెళ్లినప్పుడు వస్తుంది. హోమ్ పేజీలో కనిపించేవి మనం అడిగినవి కావు, మనం ఆగి చూస్తామని ఆ యాప్ అంచనా వేసినవి. 2012లో సిఫారసుల ప్రధాన కొలమానం మారింది: ఒక వీడియోను ఎందరు తెరిచారన్నది కాక, ఎంతసేపు చూశారన్నది ముఖ్యమైంది. తర్వాత ప్రేక్షకుల సంతృప్తిని తెలుసుకొనే సర్వేలను కూడా జోడించామని సంస్థ చెబుతోంది. ప్రేక్షకులు యూట్యూబ్‌లో గడిపే సమయంలో 70 శాతానికి పైగా ఈ సిఫారసుల ద్వారానే వస్తోందని ఆ సంస్థ ఉన్నతాధికారి నీల్ మోహన్ 2018లో స్వయంగా చెప్పారు. అంటే, ఏమి చూడాలన్న నిర్ణయంలోనే మన వాటా చిన్నది.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఆంధ్రప్రదేశ్ రాజధాని వివాదంలో చూడవచ్చు. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చినప్పటి నుంచి ఈ విషయంపై లెక్కలేనన్ని వీడియోలు వచ్చాయి. ఒకే ఇంట్లో ఉంటున్న తండ్రి ఫోనులో అమరావతి రైతుల పాదయాత్ర దృశ్యాలు, కొడుకు ఫోనులో పరిపాలన వికేంద్రీకరణను సమర్థించే చర్చలు వరుసగా వస్తుంటే, ఇద్దరూ తాము అన్నీ చూసే ఒక నిర్ణయానికి వచ్చామని నిజాయతీగా నమ్ముతారు. ఇద్దరికీ అవతలి వైపు ఉన్న బలమైన వాదన ఒక్కటీ ఎదురుపడి ఉండకపోవచ్చు. పైగా, “జనమంతా ఇదే అంటున్నారు” అని ఇద్దరూ ఒకే ధీమాతో చెబుతారు.

సినిమాల విషయంలో ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది. అమెరికాలో ముందు రోజు రాత్రి పడే ప్రీమియర్ షోల టాక్ హైదరాబాదులో ఉదయం ఆట మొదలుకాకముందే వచ్చేస్తుంది. థియేటరుకు బయలుదేరే మనిషి సమీక్ష వీడియోను తెరవనక్కరలేదు. తెరిచే కోరికతో యాప్‌లోకి వెళ్లనక్కరలేదు కూడా. బ్లాక్‌బస్టర్ అనో డిజాస్టర్ అనో పెద్ద అక్షరాలు వేసిన థంబ్‌నెయిల్ దానంతట అదే కంటబడుతుంది. ఆ తర్వాత రెండో సగం సాగదీసినట్లు అనిపిస్తే, ఆ అనిపించడం సీట్లో కూర్చున్నాక పుట్టిందా, వెంట తెచ్చుకున్నదా అన్నది చూసినవారికే తెలియదు. టీజర్లకు 24 గంటల్లో ఎన్ని వ్యూస్, ఎన్ని లైకులు వచ్చాయన్న పోటీ కూడా ఇలాంటిదే. చెల్లింపు ప్రకటనల ద్వారా వచ్చిన వీక్షణలను మ్యూజిక్ వీడియోల తొలి 24 గంటల రికార్డుల్లో లెక్కించబోమని యూట్యూబ్ 2019లో ప్రకటించింది. ఏ వీడియో ఎన్నో స్థానంలో ఉందో చూపే ట్రెండింగ్ పేజీని, అంటే పోస్టర్ల మీద గర్వంగా వేసుకొన్న ఆ స్థానాలకు మూలాన్ని, 2025లో తొలగించింది. ఈ రెండూ మంచి నిర్ణయాలని నా అభిప్రాయం.

అయితే నేను అన్నిటికన్నా తక్కువ మార్కులు వేసేది వ్యాఖ్యల విభాగానికి. మొబైల్ యాప్‌లో వీడియో శీర్షికకు కొద్దిగా దిగువనే ఒక వ్యాఖ్య కనబడుతూ ఉంటుంది, వేల లైకులు తెచ్చుకున్నవి ముందు వరుసలో ఉంటాయి. వక్త తన మొదటి వాక్యం పూర్తిచేయకముందే, అతను చెప్పబోయేది గొప్పదో పనికిరానిదో మనకు అందిపోతుంది. అది జనవాక్యంలా కనబడుతుంది కాని పూర్తిగా జనవాక్యం కాదు. ఛానల్ యజమాని తనకు నచ్చిన వ్యాఖ్యను పిన్ చేసి పైన నిలపగలడు, నచ్చనిదాన్ని తొలగించగలడు, కొన్ని పదాలున్న వ్యాఖ్యలు బయటికి రాకుండా ఆపగలడు, లైకుల సంఖ్యను దాచగలడు. 2021 నవంబరు నుంచి డిస్‌లైకుల సంఖ్య యజమానికి తప్ప మనకెవరికీ కనబడదు. చిన్న ఛానళ్లపై మూకుమ్మడి దాడులను అరికట్టడం దాని ఉద్దేశమని సంస్థ చెప్పింది, అది న్యాయమైన కారణమే. కాని మెచ్చుకున్నవారి లెక్క మాత్రమే కనబడే చోట నచ్చనివాడు తానొక్కడినేనేమో అనుకుంటాడు.

లెక్క కనబడటం ఇంత పని చేస్తుందా అన్న సందేహం సహజం. 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఈ సందేహాన్ని చాలావరకు తీరుస్తుంది. వారు పెద్దగా పేరులేని బృందాల 48 పాటలను 14 వేల మందికి పైగా శ్రోతల ముందుంచారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చి, మిగిలినవారిని 8 గుంపులుగా విడదీసి, ఎవరి గుంపులో ఏ పాటను ఎందరు డౌన్‌లోడ్ చేసుకున్నారో కనబడేలా చేశారు. పాటలు అవే అయినా ఒక గుంపులో పైకెక్కినది మరొక గుంపులో అడుగున పడింది. అత్యుత్తమమైనవి పూర్తిగా ఓడిపోవడం, మరీ నాసిరకమైనవి గెలవడం అరుదు. మధ్యనున్న వాటికి మాత్రం ఏదైనా జరగవచ్చు. మనం రోజూ అభిప్రాయాలు చెప్పే విషయాల్లో అధికభాగం ఆ మధ్యలోనివే. 2013లో అదే పత్రికలో వచ్చిన మరొక ప్రయోగంలో, ఒక వార్తల వెబ్‌సైటులోని వ్యాఖ్యలకు పరిశోధకులు యాదృచ్ఛికంగా ఒక్క సానుకూల ఓటు వేసి వదిలితే, చివరికి వాటి రేటింగు సగటున 25 శాతం పెరిగింది.

మనిషి అభిప్రాయం ఎన్నడూ ఒంటరిగా పుట్టలేదన్న అభ్యంతరం ఒకటుంది, అందులో నిజం ఉంది. రచ్చబండ దగ్గర పెద్దలు, కులం, కుటుంబం, ఇంటికి వచ్చే ఒకే ఒక్క పత్రిక మన తాతల అభిప్రాయాలను మలిచాయి, వాటిని కాదన్నవారికి జరిగిన నష్టం కూడా తక్కువేమీ కాదు. కాని రచ్చబండ మీద మాట్లాడేవాడు ఎవరో, అతనికి ఎవరితో పొలం తగాదా ఉందో, ఏ పార్టీ మనిషో విన్నవాడికి తెలుసు. ఆ మాటలో ఎంత తీసివేయాలో ఎంత ఉంచుకోవాలో లెక్కవేసుకొనే వీలుంది. మూడు వేల లైకులున్న పేరులేని వ్యాఖ్యలో తీసివేయవలసినది ఎంతో తెలుసుకొనే దారి లేదు. అందుకే మన కాలపు ప్రభావం పాతదాని కన్నా పెద్దదో కాదో గాని, పసిగట్టడం మాత్రం కష్టం.

వాడేవారి చేతిలో ఉన్న ఉపాయాలు కొన్నే. వాచ్ హిస్టరీని ఆపి, పాతదాన్ని తుడిచివేస్తే 2023 నుంచి హోమ్ పేజీ దాదాపు ఖాళీగా ఉంటుంది. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఆసక్తి లేదని చెప్పే బటన్‌ను మాత్రం ఎక్కువగా నమ్ముకోకూడదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనుక ఉన్న మొజిల్లా సంస్థ 2022లో చేసిన పరిశీలనలో అది అనవసర సిఫారసుల్లో పదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే ఆపగలిగింది. ఛానల్‌నే సిఫారసు చేయవద్దని చెప్పే బటన్ మెరుగు, అదీ సగానికి లోపే.

ఇప్పుడున్న స్థితిలో వెతుకులాట పెట్టెను, సబ్‌స్క్రిప్షన్ల పేజీని నేను ఎవరికైనా సంకోచం లేకుండా సూచిస్తాను. హోమ్ పేజీని, షార్ట్స్‌ను సూచించను. ఈ సేవ నుంచి నేను కోరే మార్పు ఒక్కటే: వీడియో పూర్తయ్యేవరకు లైకుల సంఖ్య, వ్యాఖ్యలు కనబడకుండా ఉంచుకొనే ఎంపిక ప్రేక్షకుడికి ఉండాలి. లైకుల సంఖ్యను దాచే వీలు ఛానల్ యజమానికి ఇప్పటికే ఉంది కనుక, చూసేవాడికి దాన్ని ఇవ్వడానికి సాంకేతికమైన అడ్డంకి ఏదీ ఉండకూడదు.