చలికాలం నాయన ఊళ్లో ఉండటం మేలా, బెంగళూరు రావడం మేలా?

డిసెంబర్ వచ్చిందంటే మా ఇంట్లో ఇదే చర్చ. నాయనకు 74 ఏళ్లు, బీపీ ఉంది. మదనపల్లె దగ్గర, హార్స్‌లీ హిల్స్ గాలి తగిలే పల్లెలో అమ్మతో ఉంటాడు. నేనుండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. "వచ్చెయ్ నాయనా" అని నేనంటే "ఈ చలి నాకేమన్నా కొత్తామ్మా?" అంటాడు. కొత్త కాదు, నిజమే. కానీ 40 ఏళ్లప్పటి రక్తనాళాలు ఇప్పుడు లేవు కదా!

చలి తగిలితే ఒంట్లో వేడి బయటికి పోకుండా చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఇరుకైన దారిలో రక్తాన్ని తోయడానికి గుండె ఎక్కువ కష్టపడాలి, బీపీ పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. పైగా తెల్లవారుజామున బీపీ మామూలుగానే ఎక్కుతుంది. జపాన్‌లో ఇళ్లలోనే కొలిచి 2019లో చెప్పిన లెక్క ఒకటుంది: గదిలో 10 డిగ్రీలు తగ్గితే పొద్దుటి పై బీపీ సగటున 8 పాయింట్లు పెరుగుతోంది. వయసు మళ్లినవాళ్లలో ఇంకా ఎక్కువ. చలి ప్రాంతాల ఇళ్లలో 18 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంటే ఏ ఊరు అన్నదానికంటే ఏ గది అన్నది ముందు చూడాలి.

పోయిన జనవరిలో గోడకు తగిలించే చిన్న థర్మామీటర్లు కొన్నాను. పొద్దున 5 గంటలకు ఊళ్లో నాయన పడుకునే రేకుల గదిలో 13 డిగ్రీలు. నా బెంగళూరు ఇంట్లో 20. ఇంతేలే అనుకున్నా. కానీ అదే ఊళ్లో, అదే పొద్దున, ఎవరూ పడుకోని పాత మట్టిమిద్దెలో 19! మూరెడు మందం మట్టిగోడలు పగలు పీల్చుకున్న ఎండను రాత్రంతా మెల్లగా వదులుతాయి. రేకు పల్చన, పొద్దు వాలగానే చల్లబడిపోతుంది. గచ్చు బాగుందని, ఫ్యాను ఉందని నాయన మంచం రేకుల గదిలోకి మార్చుకున్నాడు.

ఊరితో నాకున్న పెద్ద భయం రెండు విషయాల్లో. ఒకటి పెరట్లోని బాత్‌రూమ్. వెచ్చటి కంబళిలోంచి లేచి నాలుగున్నరకు మంచులోకి నడవడం, ఆపైన ధనుర్మాసమని చన్నీళ్ల తలస్నానం. రెండోది కుంపటి. ఒక రాత్రి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకొని తలుపు, కిటికీ మూసి పడుకున్నారు. తెల్లారి ఇద్దరికీ తలపోటు, వాంతులు. తలుపు సందులో గోనెపట్టా కుక్కి ఉండకపోతే ఇంత అయ్యేది కాదని నాయన తర్వాత చెప్పాడు. ఆ సందుకు గోనెపట్టా పెట్టింది నేనే, చలిగాలి రాకూడదని. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. బలహీనమైన గుండెకు ఆక్సిజన్ అందకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? మూసిన గదిలో కుంపటి వద్దే వద్దు. బెంగళూరులోనూ గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకుంటే అదే ప్రమాదం.

మరి బెంగళూరు? ఇది 900 మీటర్లకు పైన ఎత్తులో ఉన్న ఊరు, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగుతాయి. 1884 జనవరిలో 7.8 దాకా పడిపోయిన రికార్డుంది. అయినా మా ఇంటికి రెండు వైపులా బిల్డింగులుండి గది వెచ్చగానే ఉంటుంది. బాత్‌రూమ్ పక్కనే, వేడినీళ్లు పంపులోనే. హీటర్ అవసరం పడింది నాలుగైదు రోజులే. 2000 వాట్లది గంటకు 2 యూనిట్లు తింటుంది, అంతే. జయదేవ లాంటి గుండె ఆసుపత్రి ఉన్న ఊరు కూడా. పల్లెలో ఛాతీ పట్టేస్తే గ్యాసేలే అని సోడా తాగి పడుకుంటారు.

కానీ ఇక్కడ నాయన పొద్దస్తమానం సోఫాలోనే. ఆ బిల్డింగుల వల్లే ఎండ మా గుమ్మంలోకి రాదు. ఊళ్లో అయితే ఎనిమిదింటికి అరుగు మీద ఎండలో కూర్చుంటాడు, చేను దాకా నడుస్తాడు, పలకరించేవాళ్లు పదిమంది. అది గుండెకు చిన్న మేలు కాదు.

నా తీర్పు ఇది. స్టెంట్ పడినవాళ్లు, ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లు డిసెంబర్, జనవరి పట్నంలో పిల్లల దగ్గర ఉండటమే మేలు. ఉత్త బీపీ ఉండి తిరగగలిగేవాళ్లకు ఊరే మేలు, గది మారిస్తే. చలికాలంలో మాత్ర మోతాదు సరిపోతోందా అని ఒకసారి డాక్టరును అడగాలి, సొంతంగా పెంచకూడదు.

ఈ డిసెంబర్ నాయన ఊళ్లోనే ఉన్నాడు. మంచం మట్టిమిద్దెలోకి వచ్చింది. రాత్రి మూత్రానికి బయటికి పోకుండా మంచం పక్కనే మూత ఉన్న డబ్బా, తలకు మంకీ టోపీ, కాళ్లకు మేజోళ్లు. స్నానం ఎండ వచ్చాక, కాగులో కాగిన నీళ్లతో. ధనుర్మాసం పూజ మానలేదు, వేళ మార్చుకున్నాడు. రోజూ ఏడున్నరకు నేను ఫోన్ చేస్తే ముందు గోడ మీది డిగ్రీలు చెప్పి, తర్వాత బీపీ చెప్తాడు.