బిడ్డ ఎప్పుడు: పీహెచ్‌డీలోనా, ఉద్యోగం వచ్చాకనా?

పీహెచ్‌డీ చేస్తుండగా బిడ్డ పుడితే చేతిలో డబ్బు తక్కువే అయినా, సమయం కొంత మన చెప్పుచేతల్లో ఉంటుంది. పాపాయి నిద్రపోయిన గంటలో ఒక పేరా రాసుకోవచ్చు. ప్రయోగశాలలో కణాలను పెంచేవారికి ఆ వెసులుబాటూ లేదు, ఆదివారమైనా వెళ్లి పోషక ద్రవం మార్చాల్సిందే. అసలు గండం ఫెలోషిప్పు గడువు. సెలవిచ్చి గడువు పెంచకపోతే ఆ సెలవు ఎందుకు?

అధ్యాపక ఉద్యోగం వచ్చాక జీతం ఉంటుంది, శిశు సంరక్షణకు ఖర్చుపెట్టగలం. కానీ పాఠం పదింటికి అంటే పదింటికే. పైగా శాశ్వత నియామకం ఇవ్వాలా వద్దా అని తేల్చే గడువు నడిచే ఏళ్లూ ఇవే. ఆ గడువు పెంచడమూ అందరికీ ఒకేలా మేలు చేయదు. అమెరికాలోని అగ్రశ్రేణి ఆర్థికశాస్త్ర విభాగాలపై 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, బిడ్డ పుడితే స్త్రీ పురుషులిద్దరికీ సమానంగా పొడిగింపు ఇచ్చే పద్ధతి వచ్చాక పురుషులకు శాశ్వత నియామకాలు పెరిగాయి, స్త్రీలకు తగ్గాయి. ఇది చదివి చాలా బాధపడ్డాను. ఐరోపా పరిశోధన మండలి తన గ్రాంట్ల అర్హత గడువును తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలలు పెంచుతుంది. నాకు అదే న్యాయంగా తోస్తుంది.

గైడు అర్థం చేసుకునే మనిషి అయి, ఇంట్లో పని పంచుకునేవారు ఉంటే, నేను మొదటి దారినే ఎంచుకోమంటాను. గైడు అలాంటివారు కాకపోతే ఉద్యోగం దాకా ఆగడమే నయం.